కన్నవారు

తెలుగు భాషలో 'కను' అనే ధాతువు చిన్నది; దాని అర్థవ్యాప్తి పెద్దది. బిడ్డకు జన్మనివ్వడం కనడమే. కంటితో చూడడమూ కనడమే. కల వచ్చినప్పుడు కూడా కల కన్నామనే అంటారు. ఈ మూడర్థాలూ ఒక్కచోట కలిసిన పదం 'కన్నవారు'. వ్యాకరణవేత్త దీనిని నానార్థమని చెప్పి ఊరుకోవచ్చును. జీవితాన్ని పరిశీలించేవారికి మాత్రం ఇందులో ఒక క్రమం గోచరిస్తుంది. బిడ్డను కనడం ఒకనాటి సంఘటన. ఆ బిడ్డను ఉన్నది ఉన్నట్లు చూడడం జీవితకాలపు సాధన. బిడ్డ కోసం కల కనడం ఈ రెండింటిమీద నిలబడవలసిన గోపురం. మొదటిది మనిషి దినచర్యను మారుస్తుంది. రెండవది మనిషినే మారుస్తుంది. రెండవది నేర్వకుండా మూడవదానికి పరుగెత్తే తల్లిదండ్రులు తమకూ, బిడ్డలకూ కష్టం తెచ్చిపెడతారు. హైదరాబాదుకు పడమట, బీజాపూరు రహదారి వెంట విస్తరించిన మొయినాబాద్, చేవెళ్ళ ప్రాంతాల ఇటీవలి చరిత్ర ఈ మూడు దశలనూ స్పష్టంగా చూపుతుంది.

2024 ఏప్రిల్ 19వ తేదీన మొయినాబాద్ మండలంలో ఒక అపూర్వ దృశ్యం కనిపించింది. ఉస్మాన్‌సాగర్ జలాశయానికి సమీపాన ఉన్న చిలుకూరు బాలాజీ దేవాలయంలో అవి బ్రహ్మోత్సవాల దినాలు. సంతానాన్ని కోరుకునే స్త్రీలకు ఆనాడు గరుడ ప్రసాదం పంచుతారన్న వార్త ముందుగానే వ్యాపించింది. తెల్లవారుజాము నుండే వేలాదిగా జనం తరలివచ్చారు. ఆలయానికి పోయే దారులు కిలోమీటర్ల పొడవునా వాహనాలతో నిండిపోయాయి. ఎండలో, ఇరుకులో, గంటల తరబడి ఆ దంపతులు వేచి ఉన్నారు. వారిని నిలబెట్టింది ఒకే ఒక్క కోరిక.

ఆ రద్దీని చూసి అమాయకత్వమని నవ్వినవారు ఉండవచ్చు. ఆ కోరిక వెనుక ఉన్న బాధను గ్రహించినవారికి నవ్వు రాదు. సంతానం లేని స్త్రీని లోకం ఎన్ని సూటిపోటి మాటలు అంటుందో పల్లెల్లోనూ, పట్టణాల్లోనూ అందరికీ తెలుసు. సంతానం కలగకపోవడానికి కారణం స్త్రీలో ఉండవచ్చు, పురుషునిలో ఉండవచ్చు, ఇద్దరిలోనూ ఉండవచ్చునని వైద్యశాస్త్రం ఏనాడో తేల్చింది. అయినా నింద మాత్రం ఒక్కరి నెత్తినే పడుతోంది. ఆనాడు చిలుకూరు దారిలో నిలిచిన స్త్రీలలో ఎందరు బిడ్డ కోసం వచ్చారో, ఎందరు ఆ నింద నుండి విముక్తి కోసం వచ్చారో చెప్పడం కష్టం. బిడ్డను కనడం గౌరవానికి గుర్తుగా మాత్రమే భావించే సమాజంలో, పుట్టిన బిడ్డను బిడ్డగా చూడడం కూడా కష్టమే అవుతుంది.

ఇక బిడ్డ పుట్టిన ఇంట్లో మొదట మారేది కాలం. అంతవరకు పగలు, రాత్రి అనే విభజన సూర్యునిది. ఆపైన అది పసికందు ఆకలిది. తల్లి నిద్ర తునకలు తునకలవుతుంది. తండ్రి చెవి బజారు మాటలు తగ్గించుకొని ఇంట్లోని చిన్న మూలుగుకు మేల్కొంటుంది. ఈ మార్పు కేవలం మనసుకు సంబంధించినది కాదు. తొలిసారి గర్భం ధరించిన స్త్రీల మెదడు నిర్మాణంలో కొన్ని భాగాలు మారుతాయనీ, ఆ మార్పులు కనీసం రెండేళ్లు నిలుస్తాయనీ స్పెయిన్‌లో జరిగి 2016లో వెలువడిన ఒక పరిశోధన తెలిపింది. తండ్రులైన యువకులలో పురుష హార్మోను స్థాయి తగ్గుతుందనీ, బిడ్డల సంరక్షణలో ఎక్కువ సమయం గడిపే తండ్రులలో అది మరింత తక్కువగా ఉంటుందనీ ఫిలిప్పీన్స్ దేశంలో జరిగి 2011లో వెలువడిన మరొక పరిశోధన తెలిపింది. కన్నతల్లి పేగు కదులుతుందని పెద్దలు అన్న మాటకు శాస్త్రం తనదైన భాషలో వ్యాఖ్యానం రాసిందన్నమాట.

అయితే ఈ మార్పును భరించే శక్తి అందరికీ సమానంగా లేదు. చేవెళ్ళ, మొయినాబాద్ పల్లెల్లో గులాబీ, చామంతి, బంతి తోటలు విస్తారం. తెల్లవారకముందే కోసిన పూలు హైదరాబాదులోని గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు చేరాలి. ఎండెక్కిన పూవుకు ధర ఉండదు. పూలు కోసే కూలితల్లి తన పసిబిడ్డను చెట్టుకు కట్టిన చీర ఊయలలో పడుకోబెట్టి సాళ్లలోకి నడుస్తుంది. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం వేతనంతో కూడిన సెలవును 12 వారాల నుండి 26 వారాలకు పెంచింది. అది కార్యాలయాలలో, కర్మాగారాలలో, పదిమంది లేక అంతకు మించి పనిచేసే సంస్థలలో ఉద్యోగం చేసే స్త్రీలకు వరం. పూలతోటలో దినకూలికి పోయే తల్లికి ఆ సెలవు ఎవరిస్తారు? మాతృత్వాన్ని దేవతాస్వరూపమని కీర్తించడం తేలిక. ఆ తల్లికి ఆరు నెలల విశ్రాంతి కల్పించడమే కష్టం. కీర్తనకూ, కల్పనకూ మధ్య ఉన్న దూరమే సమాజపు చిత్తశుద్ధికి కొలమానం.

కనడం ఒక్కటే చాలదని ప్రాచీన సాహిత్యం పదేపదే హెచ్చరించింది. మహాభారతంలో ధృతరాష్ట్రుడు నూరుగురు కుమారులకు తండ్రి. కనుచూపు లేకపోవడం ఆయన దోషం కాదు. దుర్యోధనుని నడవడిని గురించి విదురుడు ఎన్నిసార్లు చెప్పినా వినకపోవడం ఆయన దోషం. కొడుకు తప్పును తప్పుగా గుర్తించడానికి కన్నులు అవసరం లేదు, మనసు చాలు. ఆ మనసును మమకారం కప్పివేసింది. తండ్రి కావడం ఆయనను పెంచలేదు, కుదించింది. లోకమంతా తన కొడుకులలోనే ఇమిడిపోగా, పాండురాజు కుమారులు పరాయివారైపోయారు.

దీనికి పూర్తిగా భిన్నమైన పాత్ర కణ్వుడు. ఆయన శకుంతలను కనలేదు. అడవిలో విడువబడిన శిశువును చూచి, చేరదీసి పెంచాడు. సర్వసంగ పరిత్యాగియైన ఆ ముని, కూతురిని అత్తవారింటికి పంపే వేళ కన్నీటిని ఆపుకోలేకపోయిన ఘట్టాన్ని కాళిదాసు తన నాటకంలోని నాలుగవ అంకంలో చిత్రించాడు. తపస్సు మార్చలేనిదాన్ని పెంపకం మార్చింది. భాగవతంలో యశోద కూడా కన్నతల్లి కాదు, పెంచిన తల్లి. అయినా కృష్ణుని తల్లి అనగానే లోకానికి ముందుగా స్ఫురించే పేరు ఆమెదే. కన్నవారు కావడానికి జన్మనివ్వడం ఒక మార్గం మాత్రమేనని ఈ పాత్రలు నిరూపిస్తున్నాయి. సంతానం కోసం తపించే దంపతులకు దత్తత అనే మార్గం చట్టబద్ధంగా తెరచి ఉన్నదని గుర్తుచేయడానికి కూడా కణ్వునికన్న మంచి ఉదాహరణ దొరకదు.

చూడడం అంటే ఏమిటో ఈ ప్రాంతపు పల్లెలు గత శతాబ్దపు చివరి దశకంలో నేర్చుకున్నాయి. ఆ రోజుల్లో రంగారెడ్డి జిల్లా గ్రామాలలో పేదయింటి బాలుని భవిష్యత్తు చాలా తొందరగా నిర్ణయమైపోయేది. తండ్రి చేసిన అప్పుకు బదులుగా ఏడెనిమిదేళ్ల పిల్లవాడు ఆసామి ఇంట జీతానికి కుదిరేవాడు. పశువులను కాయడం, పేడ ఎత్తడం, పొలానికి సద్ది మోయడం అతని చదువు. ఆడపిల్ల అయితే చెల్లెలిని ఎత్తుకోవడం, నీళ్లు మోయడం, తల్లితోపాటు కూలికి పోవడం. బిడ్డ అంటే రెండు చేతులు, ఒక పూట కూలి. తల్లిదండ్రులు క్రూరులు కారు. వారి తల్లిదండ్రులు వారిని చూచిన తీరునే వారూ తమ బిడ్డలను చూచారు.

హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్ర ఆచార్యులుగా ఉన్న శాంతా సిన్హా, తన తాతగారు, ప్రసిద్ధ విద్యావేత్త మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట నెలకొల్పిన ఎం.వి. ఫౌండేషన్ ద్వారా 1991 నుండి ఈ జిల్లా గ్రామాలలో పనిచేశారు. ఆ సంస్థ ఒక సూటి సిద్ధాంతాన్ని ముందుకు తెచ్చింది. బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికుడే. పగలు పని, రాత్రి చదువు అనే రాజీ పనికిరాదు. బిడ్డ పగటిపూట, పూర్తిస్థాయి పాఠశాలలోనే ఉండాలి. అప్పటికి లోకంలో ఒక గట్టి నమ్మకం ఉండేది. పేదరికం పోనిదే బాలకార్మిక వ్యవస్థ పోదని, పేద తల్లిదండ్రులకు చదువుమీద ఆసక్తి లేదని చాలామంది చదువుకున్నవారు వాదించేవారు. గ్రామాలలో తిరిగిన కార్యకర్తలకు అందుకు విరుద్ధమైన సత్యం ఎదురైంది. చదివించాలన్న కోరిక లేని తల్లి దాదాపు కనిపించలేదు. బడిలో చేర్పించే తీరు తెలియకపోవడం, వయసు మించిన పిల్లలను బడి చేర్చుకోకపోవడం, చేరినా వెనుకబడి మానివేయడం అసలు అడ్డంకులని తేలింది. అందుకే పెద్ద పిల్లల కోసం బ్రిడ్జి కోర్సు శిబిరాలు ఏర్పడ్డాయి. కొన్ని నెలలు అక్కడే ఉండి చదువుకొని, తమ వయసుకు తగిన తరగతిలో వారు చేరగలిగారు.

ఈ ఉద్యమాన్ని గురించి చెప్పేటప్పుడు పిల్లల జీవితాలు మారాయని చెప్పడం పరిపాటి. వారికన్న ముందు మారినవారు వారి తల్లిదండ్రులు. కొడుకు జీతం మానగానే ఇంటికి వచ్చే గింజలు ఆగిపోతాయి. ఆసామి అప్పు మాట ఎత్తుతాడు. చెల్లెలిని చూచుకొనే పెద్దకూతురు బడికి పోతే తల్లి తన పనివేళలను తిరిగి కూర్చుకోవాలి. కట్టెలు, నీళ్లు, మేకలు, ఇవన్నీ మళ్లీ పెద్దల భుజాలమీదకు వస్తాయి. తండ్రి సాయంకాలపు కల్లు ఖర్చు ఒక నోటుపుస్తకానికి అడ్డు వస్తుంది. ఇంతకాలం బిడ్డ తన భారాన్ని మోస్తున్నాడన్న సత్యం, ఆ బిడ్డ బడికి పోయిన మొదటి రోజు ఆ ఇంటివారికి బోధపడుతుంది. తల్లిదండ్రులు కావడమంటే ఆ భారాన్ని తిరిగి తీసుకోవడం. పుట్టిన ఏడెనిమిదేళ్లకు అనేక కుటుంబాలలో తల్లిదండ్రులు రెండవసారి జన్మించారు.

మరొక విశేషం ఇంకా విలువైనది. ఈ మార్పు ఒక్కొక్క ఇంటికే పరిమితం కాలేదు. పక్కింటి పిల్ల బడికి ఎందుకు రాలేదని అడిగే అలవాటు ఊళ్లలో పుట్టింది. ప్రభుత్వ పాఠశాలల ఉపాధ్యాయులు బాలకార్మిక విమోచన వేదికగా ఏర్పడి, పిల్లలను బడికి రప్పించే పనిని తమదిగా స్వీకరించారు. తన బిడ్డమీది మమకారం ఎవరికైనా సహజం. అది గడప దాటి ఇతరుల బిడ్డను చేరినప్పుడే సంస్కారమవుతుంది. ధృతరాష్ట్రుడు దాటలేకపోయిన గడప అదే. అక్షరం రాని కూలితండ్రులు దానిని దాటగలిగారు.

ఈ అనుభవానికి దేశంలోనూ, వెలుపలా గుర్తింపు లభించింది. 2003లో శాంతా సిన్హా రామన్ మెగసెసే పురస్కారాన్ని అందుకున్నారు. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ సంఘానికి ఆమె తొలి అధ్యక్షురాలు. 2002లో జరిగిన 86వ రాజ్యాంగ సవరణ విద్యను ప్రాథమిక హక్కుగా చేసింది. ఆరు నుండి పద్నాలుగు సంవత్సరాల వయసు గల బిడ్డకు విద్యావకాశం కల్పించడం తల్లిదండ్రుల, సంరక్షకుల ప్రాథమిక విధి అని కూడా అదే సవరణ రాజ్యాంగంలో చేర్చింది. 2009లో రూపొందిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. ఈ విధంగా తల్లిదండ్రులు కావడం ఇంటి విషయంగా మాత్రమే మిగలక, పౌరధర్మాలలో ఒకటిగా స్థానం పొందింది.

విధిని తల్లిదండ్రులమీద మోపి ప్రభుత్వం చేతులు దులుపుకోరాదన్న ఆక్షేపణ ఇక్కడ రావచ్చు. అది న్యాయమైనదే. గోడలు కూలిన బడికి, ఉపాధ్యాయుడు లేని తరగతికి బిడ్డను పంపమని తండ్రిని శాసించడం న్యాయం కాదు. హక్కు బిడ్డది. దానిని నెరవేర్చే బాధ్యత ఇంటికీ, ఊరికీ, ప్రభుత్వానికీ కలిపి ఉంటుంది. ఒకరు తప్పుకుంటే మిగిలిన ఇద్దరి శ్రమ వృథా అవుతుంది. ఆడపిల్ల పదవ తరగతితో చదువు మానివేసి పెళ్లిపీటలెక్కే ఇళ్లు ఇంకా ఉన్నాయి. బాల్యవివాహ నిషేధ చట్టం 2006లోనే వచ్చినా అది సంపూర్ణంగా ఫలించాలంటే తల్లిదండ్రుల చూపు మారాలి.

ఇక మూడవ దశ కల కనడం. నేడు మొయినాబాద్, చేవెళ్ళ రహదారి వెంట ఇంజనీరింగు కళాశాలలు వెలిశాయి. ఒకప్పుడు పశువులు కాచిన దారిలో కళాశాల బస్సులు పోతున్నాయి. అదే చిలుకూరు దేవాలయంలో తమ పిల్లలకు విదేశీ వీసా లభించాలని మొక్కుకొని 11 ప్రదక్షిణలు, అది నెరవేరగానే 108 ప్రదక్షిణలు చేసే తల్లిదండ్రులు కనిపిస్తారు. మోకాళ్ల నొప్పులను లెక్కచేయక తిరిగే ఆ తల్లి నడకలో ఎంతో ప్రేమ ఉంది. కానీ ప్రేమ ఉన్నచోటనే ప్రమాదమూ ఉంది. తమకు దక్కని చదువు, ఉద్యోగం, హోదా బిడ్డకు దక్కాలని కోరుకోవడం ధర్మం. తమకు దక్కనిదే బిడ్డకు కావాలని శాసించడం ధర్మం కాదు.

ఈ విషయంలో హిరణ్యకశిపుని కథ గొప్ప పాఠం. ఆయన కుమారుని చదువును నిర్లక్ష్యం చేసిన తండ్రి కాడు. చండామార్కుల వంటి గురువులను నియమించాడు, చదువు ఎంతవరకు వచ్చిందో స్వయంగా పిలిచి అడిగాడు, ఒడిలో కూర్చుండబెట్టుకొని ముద్దు చేశాడు. కొడుకు తన మనసులోని మాట చెప్పగానే ఆ ప్రేమ క్రోధమైంది. ప్రహ్లాదునిలో ఆయన తన ప్రతిబింబాన్ని వెదికాడు, ప్రహ్లాదుని చూడలేదు. ర్యాంకు కోసం, వార్షికాదాయం కోసం బిడ్డను తూచే ప్రతి తండ్రిలోనూ ఆ తండ్రి ఛాయ కొంత ఉంది. పొలంలో బిడ్డ చేతులను మాత్రమే చూచిన నాటి తండ్రికీ, మార్కుల పట్టికను మాత్రమే చూచే నేటి తండ్రికీ పెద్ద భేదం లేదు. ఇద్దరూ బిడ్డను చూడలేదు.

ఈ మాట తల్లిదండ్రులకు ఎంత వర్తిస్తుందో, జూనియర్ కళాశాల విద్యార్థులకూ అంతే వర్తిస్తుంది. చూపు రెండువైపులా సాగవలసినది. చేతులకు గులాబీ ముళ్ల గాట్లతో ఇంటికి వచ్చే తల్లి కూడా ఒకనాడు పదహారేళ్ల పిల్ల. ఆమెకూ ఏవో ఆశలుండేవి. బస్సు పాసుకు డబ్బు లెక్కపెట్టి ఇచ్చే తండ్రి తనకు కావలసిన దేనిని మానుకొని అది ఇచ్చాడో ఎన్నడూ చెప్పడు. వృద్ధులైన తల్లిదండ్రులను పోషించడం బిడ్డల బాధ్యత అని 2007లో ప్రత్యేకంగా ఒక చట్టం చేయవలసి వచ్చిందంటే, ఆ చూపు ఎంతగా సన్నగిల్లిందో ఊహించవచ్చు. పోషణను చట్టం శాసించగలదు. పక్కన కూర్చొని నాలుగు మాటలు మాట్లాడడం ఏ చట్టమూ శాసించలేదు. తన ఇష్టాన్ని తల్లిదండ్రులకు మర్యాదగా, ధైర్యంగా చెప్పగల బిడ్డ వారిని ధిక్కరిస్తున్నట్లు కాదు. తనను చూడడానికి వారికి అవకాశమిస్తున్నట్లు.

మొయినాబాద్ దాటి చేవెళ్ళ వైపు సాగే రహదారికి ఇరువైపులా పాత మర్రిచెట్లు ఉన్నాయి. ఈ దారి పొడవునా వాటి సంఖ్య దాదాపు 900గా ఉండేది. రహదారి విస్తరణ ప్రతిపాదన వచ్చినప్పుడు వాటిని కాపాడాలని ప్రకృతి ప్రేమికులు జాతీయ హరిత ట్రిబ్యునల్‌ను ఆశ్రయించారు. మర్రిని గురించి తెలుగువారికి ఒక సామెత ఉంది. మర్రిచెట్టు నీడన మరో మొక్క మొలవదని అంటారు. బిడ్డ ఎదుగుదలకు చోటివ్వని పెద్దరికానికి అది తగిన హెచ్చరిక. ఆ చెట్టులోనే మరో సత్యమూ ఉంది. కొమ్మల నుండి ఊడలు దిగుతాయి. వాటిని పైన పట్టి ఉంచినంతకాలం అవి గాలికి ఊగే తాళ్లు మాత్రమే. నేలను తాకి సొంతంగా వేళ్లు పాతుకున్న నాడు అవే స్తంభాలై, ముదిసిన మానును మోస్తాయి.

బిడ్డ కాళ్లు నేలను తాకనిచ్చిన తల్లిదండ్రులే ఆ అండకు అర్హులు. చిలుకూరు దారిలో ఎండకు నిలిచిన దంపతులు కోరినది బిడ్డను కనే భాగ్యాన్ని. ఆ భాగ్యం దక్కినవారిమీద దానికన్న పెద్ద బాధ్యత ఉంది. అది కన్న బిడ్డను ప్రతిదినం మళ్లీ కనడం.